షెడ్డుకు గడప

మా ఊరి గాలి ఇనుమును తింటుంది. గుమ్మడిదల దిక్కున మందుల కంపెనీలు వచ్చాక పుట్టినవాళ్ళకు ఇది వింత కాదు. ఆ కంపెనీల కంపు లేని రోజులు నాకు గుర్తున్నాయి కాబట్టి నా ఒళ్ళు మండుతుంది. వాన వెలిసిన సాయంత్రం ఘాటు కిందికి దిగుతుంది, నాలుగు రోజులకే గేటు గొళ్ళెం ఎర్రబడుతుంది. మా కొడుకు సరుకులు మోసే ఆటో కొన్నాడు. ఇంటిల్లిపాదికీ అదే అన్నం. దాని వెనక సరుకులు పెట్టే రేకు డాలా మీద రంగు పెచ్చులు లేవడం చూసి, షెడ్డు కడతానన్నాను. అదీ కట్టెతో.

"కోళ్ళకా, ఆటోకా పెద్దాయనా?" అన్నాడు వెల్డింగు షాపువాడు. రెండేళ్ళ కింద వాడు పక్కింట్లో వేసిన ఇనుప షెడ్డు జల్లెడైపోయిన సంగతి వాడికి గుర్తు చేశాను. నవ్వు ఆగింది.

నాకు వడ్రంగం ఎవరూ నేర్పలేదు. పని జరిగే చోట నిలబడి చూశాను, సెల్‌ఫోనులో చూశాను, చెడగొట్టి నేర్చుకున్నాను. ఫ్యాక్టరీలకు మిషన్లు పెద్ద పెద్ద కట్టె పెట్టెల్లో వస్తాయి. ఆ పెట్టెల కట్టె పటాన్‌చెరు తుక్కు దుకాణాల్లో దొరుకుతుంది. రసాయనాల వాసన లేనిది ఏరుకొచ్చాను. ఒక్కో పక్క గోడ చట్రాన్ని నేల మీదే పరిచి బిగించాను, వంగకుండా మూల నుంచి మూలకు ఏటవాలు కట్టె కొట్టాను, నలుగురం కలిసి లేపి సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టాం. పైన సిమెంటు రేకులు. ఇనుమంటే మేకులు, బోల్టులే.

ఆ బోల్టులు తక్కువపడి నేను పటాన్‌చెరు పోయిన పూట మా అక్క వచ్చింది. అక్కది మా గల్లీనే. ఆటో లోపలికి పోయే దారికి రెండు నిలువు కట్టెలు, పైన ఒక దూలం పెట్టి పోయాను. నేను తిరిగొచ్చేసరికి కింద కూడా ఒక మందపాటి కట్టె! పసుపు, కుంకుమ, కొట్టిన కొబ్బరికాయ.

"ఏందక్కా ఇది?"

"గడప. గడప లేని దర్వాజ వల్లకాట్ల ఉంటదిరా. నీకు తెల్వదా?"

"ఇది ఇల్లు కాదు. ఆటో గడప దాటి ఎట్ల వస్తది? కాళ్ళున్నాయా దానికి?"

మా కొడుకు గడపకు రెండు వైపులా ఇటుకలు పేర్చి ఎక్కించబోయాడు. ఆటో కడుపు కర్రకు రాసుకుని ఆగిపోయింది. పీకుదామంటే, అక్క కొట్టించిన పొడుగు మేకులు నిలువు కట్టెల్లోకి దిగి ఉన్నాయి. పీకితే అవి చీలుతాయి. కోయాలి. కోస్తానంటే మా ఆవిడ ఏడుపు. కొడుకేమో "పూజ చేసిన గడప, ఉండనీ నాయినా. ఇగ చూద్దాం" అన్నాడు.

ఇగ చూద్దాం! షెడ్డు ఖాళీగా నిలబడింది. ఆటో బయట వానకు నానింది. కంపెనీ గాలికి ఏ ఒక్కడూ నోరెత్తడు. వాసనొస్తే కిటికీలు మూసుకుని పడుకుంటారు. కర్రముక్కకు మాత్రం ఊరంతా వణుకు.

ఒక పొద్దున ఆటో కింద రాలిన తుప్పు పొడి చూశాను. నేరుగా పోయి రంపం తెచ్చాను. మా ఆవిడ వచ్చి గడప మీద కూలబడింది.

"కొయ్యి. నన్నూ కొయ్యి."

అక్క ఉరుక్కుంటూ వచ్చింది. వచ్చీ రాగానే ఆమె మీదే విరుచుకుపడింది. "గడప మీద కూసుంటరా ఎవరన్నా? లే, లే! దరిద్రం చుట్టుకుంటది!"

మా ఆవిడ ఉలిక్కిపడి లేచింది. నేను రంపం ఆనించాను.

"కొడుకు బతుకు మీద రంపం పెడుతున్నవ్‌రా!"

"వాని బతుకు బయట రాలుతున్నది. పోయి చీపురుతో ఎత్తుకో అక్కా!"

రెండు కొసలూ కోసి నడిమి ముక్కను పక్కకు తోశాను. అక్క మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయింది. నేను ఆపలేదు.

మా వాడు ఆటో లోపలికి తెచ్చి ఇంజను బంద్ చేశాడు. దిగి, డాలా మూల మీద ఉబ్బిన రంగును బొటనవేలితో నొక్కాడు. వేలు అవతలికి దిగిపోయింది.

"మొన్నటిదాకా గట్టిగనే ఉండె నాయినా" అన్నాడు.