అక్క కాచిన బార్లీ నీళ్ళు

మా అక్క పోయిన మంగళవారం ఆళ్లగడ్డలో చనిపోయింది. మూడేళ్ళుగా నంద్యాలలో డయాలసిస్ చేయించుకుంటూ వచ్చింది. సమాధి చేసే ముందు చర్చిలో నన్ను మాట్లాడమన్నారు. "మంచి మనిషి" అని కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి కిడ్నీ సరిపోతుందోనని ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. అమ్మకు వయసు మీరింది, షుగరు కూడా ఉంది. బావ రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. తర్వాతి పరీక్షలూ కలిశాయి. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి నన్నొక్కణ్ణే అడిగింది.

"ఎవరైనా బలవంతం చేస్తున్నారా? ఇష్టం లేకపోతే చెప్పండి. మీవాళ్ళకు కారణం చెప్పం. పనికిరారని మాత్రం అంటాం."

ఎవరూ బలవంతం చేయలేదు. అక్క అడగనైనా లేదు, నేనే ఇస్తానన్నాను.

"భయమైతాంది మేడమ్. చేనుంది, పిల్లోళ్ళుండారు" అన్నాను. ఆ రెండూ అక్కకూ ఉన్నాయి.

డాక్టరమ్మ అన్నట్టే చెప్పింది. బావ గోడకు ఆనుకున్నాడు. అక్క కుర్చీలోంచి లేచింది.

"నా తమ్మునికి ఏం జబ్బు మేడమ్? వానివి గూడా చెడిపోయినాయా?"

"అట్లాంటిదేం లేదమ్మా."

అక్క నమ్మలేదు. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం ఆమె పేరు జాబితాలో రాయించాం. పిలుపు రాలేదు. నాకు మాత్రం, కిడ్నీలకు మంచివని, ఆ వారం నుంచే బార్లీ నీళ్ళు మొదలయ్యాయి.

డయాలసిస్ రోజుల్లో నేనే ఆమెను బస్సులో నంద్యాలకు తీసుకుపోయేవాణ్ణి. ఆమె తాగే నీళ్ళకు కొలత ఉంది. చిన్న సీసాకు కూతురి గోళ్ళరంగుతో గీత పెట్టుకుంది. రోజంతా అంతే. నాకు పెద్ద సీసా నిండా కాచి తెచ్చేది.

"తాగురా, నేను చూస్తాండా."

"చాల్లేక్కా."

"ఏంది చాలు? తాగేదానికి అయ్యేటోడు తాగల్ల."

నేను తాగుతుంటే ఆమె పెదవులు తడుపుకునేది. నిజం చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ సీసా అందించింది.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. "నాకు కిడ్నీ ఇయ్యనీకి నా తమ్ముడు ముందుకొచ్చినాడు. వాని ఒళ్ళు బాగలేక కుదర్లేదు. వాని కోసం ప్రార్థన జేయండి" అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఆమెన్ అన్నాక కూడా తెరవలేకపోయాను.

సమాధి చేసి ఇంటికొచ్చాక బావ వంటింట్లోంచి పెద్ద సీసా తెచ్చాడు.

"నీదేనప్పా. నిన్న పొద్దున నీకని కాచింది."

"నాకే జబ్బూ లేదు బావా. ఇయ్యనని నేనే చెప్పినా."

ఆయన సీసా వెనక్కి తీసుకోలేదు.

"తాగు" అన్నాడు.

పులిసిపోయింది. నిలబడే అంతా తాగాను. కిటికీలో ఆమె చిన్న సీసా ఉంది. అందులో నీళ్ళు గీత దాకా అట్లే ఉన్నాయి.