నక్కలకు పెట్టిన బిళ్లలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జీడిపిక్కలు రాలే కాలంలో, నన్ను టెక్కలి నుంచి ఉద్దానం తోటలకు ప్రత్యేక విధుల మీద పంపారు. అప్పటికి నేను పశువైద్య శాఖలో సహాయ సంచాలకుణ్ణి. అంటే పశువులను ముట్టుకోవడం తగ్గి, కాగితాలను ముట్టుకోవడం పెరిగిన హోదా. నక్కలకు నోటి ద్వారా రేబిస్ టీకా ఇవ్వడం సాధ్యమా కాదా అని పరీక్షించడం నా పని. అంతకు ముందు ఏడాది పిచ్చినక్క కరిచి ఆ తోటల్లో గేదెలు చచ్చిపోయాయి. మనుషులు కూడా సూదులు వేయించుకోవాల్సి వచ్చింది.

నక్కను పట్టి సూది వేయలేం కనుక టీకాను తిండిలో పెడతారు. చేపపొడితో చేసిన బిళ్ల, దాని లోపల చిన్న పొట్లం. కొరికితే పొట్లం చిట్లి మందు నోట్లో పడుతుంది. ఆ మందులో వైరస్ బలం తగ్గించి ఉన్నా ప్రాణంతోనే ఉంటుంది. అందుకే మొదటి విడతలో మందు బదులు రంగునీళ్లు నింపుతారు. బిళ్లలను నక్కలే తింటున్నాయని తేలాకే రెండో విడతకు అనుమతి. ఆ తేల్చే సంతకం నాది.

తోట యజమానులను పలాసలో కూర్చోబెట్టి, టీలు ఇచ్చి, అంతా వివరించాం. పంచాయతీ గోడకు నోటీసు అంటించాం. సాయంత్రం చెట్ల కింద ఇసుక చదును చేసి బిళ్ల పెట్టడం, మర్నాడు ఎనిమిదింటికి వెళ్లి బిళ్ల ఉందా, చుట్టూ అడుగులు ఏ జంతువువి అని రాసుకోవడం పద్ధతి. వరసగా నాలుగు రోజులు బిళ్లలు దాదాపు అన్నీ మాయమయ్యాయి. అడుగులు మాత్రం చాలాచోట్ల లేవు. నా సహాయకుడు సింహాచలం, పశువుల ఆస్పత్రుల్లోనే తల నెరిసినవాడు, ఇసుక చూసి నసిగాడు.

"ఏటో సార్, నక్క తినీసి తుడుసుకెల్లిపోయినట్టుంది."

సముద్రపు గాలికి చెరిగిపోయాయన్నాను. పట్టికలో 'నక్క' అని రాయించి పై అధికారికి పంపాను. ఆయన మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

ఐదో రోజు దాలమ్మ వచ్చింది. కూలికి పిక్కలు ఏరే ఆడవాళ్లకు ఆమె పెద్ద. నెత్తి మీది తట్ట దించింది. నిండా మా బిళ్లలే.

"ఏటి బాబూ, ఇన్ని పారేసుకున్నారు? నక్కలు తినేత్తాయని తెల్లారగట్లే ఏరి దాసినాం. ఒక్కటీ పోనేదు, సూసుకోండి."

పిక్కల కాలంలో వాళ్లు వెలుగు రాగానే చెట్ల కింద ఆకులు ఊడ్చిపోయి, ఎండెక్కాక వచ్చి ఏరతారు. మా ఇసుకను చెరిపింది గాలి కాదు, చీపురు. మేం చెప్పింది తోటలున్నవాళ్లకు. తోటలోకి రోజూ వచ్చేవాళ్లకు ఎవరం చెప్పలేదు.

సింహాచలం నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. ఆమె చేతులు చూడకపోతే నేనూ నవ్వేవాణ్ణే. జీడిసొన తగిలి వేళ్ల మీద తోలు ఊడి పచ్చిగా ఉంది. ఆ పుళ్లకు చిట్లిన పొట్లాల రంగు అంటుకుని ఉంది. రెండో విడత అయ్యుంటే అక్కడ ఉండేది వైరస్. సబ్బుతో చేతులు కడుక్కోమంటే ఆమె నవ్వింది.

"సేప వాసనకే ఇంత కంగారేటి బాబూ!"

నేను పంపిన పట్టికలు తప్పని, ఆ తప్పు నాదేనని ఆ రోజే పై అధికారికి రాశాను. సిగ్గుపడుతూనే రాశాను. రెండో విడత ఆగిపోయింది, ఏడాది వృథా అయింది, మెచ్చుకోలూ పోయింది. మరుసటి ఏడు పిక్కల పని ముగిశాక, ముందుగా దాలమ్మ వాళ్లను కూర్చోబెట్టి చెప్పి, రంగునీళ్ల బిళ్లలే మళ్లీ పెట్టాం. నక్కలు తిన్నవి సగమైనా లేవు. ఆ లెక్కనే పంపాను.

కొత్తగా చేరే పశువైద్యులకు నేను చెప్పగలిగింది ఇంతే. కళ్లతో చూసిందే రాయండి. ఆ నాలుగు రోజులూ నేను చూసింది ఖాళీ ఇసుకను. రాసింది మాత్రం నక్క అని.