నమ్మని నెరిడా

నెరిడా క్విల్టీ దేన్నీ నమ్మదు. రక్తపోటు బాగానే ఉందని డాక్టరు చెబితే, ముందు ఆ పట్టీ నీ చేతికి కట్టుకుని చూపించు అంది. బేకరీలో మాంసం కూరిన రొట్టె కొన్నా అక్కడే పైపొర లేపి లోపలికి చూస్తుంది. ఆవిడ పెళ్ళిలో, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరుగారు అడిగినప్పుడు, వెనక్కి తిరిగి చుట్టాలందరినీ ఒక్కొక్కరిగా తేరిపార చూసిందని పోర్ట్ హాలెట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఊరి ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సు తామ్సిన్‌కి ఈ సంగతులేవీ తెలియవు. పాపం, పక్షుల సంఘంలో చేరింది. ఆదివారం పొద్దున్నే సముద్రం ఒడ్డున నడక, నడక అయ్యాక కార్లు ఆపేచోట ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుని హాజరు. మనుషుల హాజరు కాదు, పక్షులది. అధ్యక్షుడు ఒక్కో పేరూ పిలుస్తాడు, చూసినవాళ్ళు చూశామంటారు. మొదటి వారం తామ్సిన్ ఉత్సాహంగా డేగని చూశానంది.

“కాళ్ళు చూశావా?” అంది నెరిడా.

“ఎగురుతోందండీ.”

“ఎగిరితే? కాళ్ళు ఇంట్లో పెట్టి వచ్చిందా?”

డేగ హాజరు పడలేదు. ఆ తర్వాత తామ్సిన్ చూసిన సీతాకోకచిలుక ఎండుటాకయింది, తూనీగ కంటి నలకయింది. బారెడు ముక్కేసుకుని ఎదురుగా కూర్చున్న గూడబాతుని పదిమందీ చూశామన్నా, అది ప్లాస్టిక్‌ది కాదని ఏమిటి నమ్మకం అని అడిగింది నెరిడా. ఒకసారి ఆవిడ ముక్కు మీదే ఈగ వాలితే, ఈగేనని నేనెలా చెప్పను, నాకు కనపడింది వెనక భాగమే కదా అంది.

పాత సభ్యుల్ని అడిగితే, ఇదివరకు ఆవిడ అనుమానమంతా మనుషుల మీదే ఉండేదన్నారు. పిట్టల జోలికి మాత్రం రెండేళ్ళుగా వస్తోందట. వయసు మీద పడితే అంతేలే అని వాళ్ళు సరిపెట్టుకున్నారు.

అధ్యక్షుడు క్లైవ్ రాస్ముసెన్ సరిపెట్టుకోలేదు. పళ్ళ డాక్టరుగా రిటైరైన ఆయన మెడలో ఫిరంగిలాంటి కెమెరా వేలాడుతూ ఉంటుంది. దాని ధరకి తామ్సిన్ నడిపే కార్లు రెండొస్తాయి. ఆ కెమెరాకి తగ్గట్టే ఆయన ఒక రూలు తయారుచేశాడు: ఫోటో లేని పిట్టకి హాజరు లేదు. ఫోటో మొహాన పెడితే నెరిడా నోరు మూతపడుతుందని ఆయన ధీమా. వచ్చే ఆదివారం టీ దగ్గర అందరూ చేతులెత్తడమే తరువాయి. బలపరుస్తానని అందరికన్నా ముందు మాటిచ్చింది తామ్సిన్. ఆమె డేగ బాకీ అలాంటిది.

ఆశ్చర్యమేమిటంటే, ఆ రూలు వద్దన్నది నెరిడా ఒక్కతే.

తామ్సిన్‌కి అనుమానం వచ్చింది. ప్రతిదానికీ రుజువడిగే మనిషి, రుజువు తెస్తామంటే ఎగిరి గంతెయ్యాలి గదా, ఎందుకు వద్దంటోంది? అందుకే ఆ ఆదివారం పిట్టల్ని వదిలేసి నెరిడాని కనిపెట్టుకుని నడిచింది.

మే నెల చివర, అక్కడ చలికాలం మొదలయ్యే రోజులు. చలిగాలికి ఇసుక చెంపల మీద కొడుతోంది. ఒడ్డు పొడుగునా సముద్రపు నాచు కుప్పలు పడి ఉన్నాయి, వాటి మీద దోమల్లాంటి పురుగులు. నెరిడా పక్కన ఆవిడ పొరుగింటి లయల్ ట్రెగెన్జా కర్ర పోటేసుకుంటూ వస్తున్నాడు. ఈ సంఘాన్ని పెట్టిందే ఆ ముసలాయన. ఉన్నట్టుండి ఆగి కర్ర చాచాడు.

“ఎర్రముక్కు నల్లపిట్టలు. రెండు. అదిగో, నీళ్ళ అంచున.”

వెనకాల ఎక్కడి నుంచో క్లైవ్ కెమెరా టకటకలాడింది. తామ్సిన్ బైనాక్యులర్స్ ఎత్తి చూసింది. రెండు నల్లరాళ్ళు. వాటికి చిక్కుకున్న ఎర్ర తాడు ముక్క గాలికి ఊగుతోంది. చెప్పబోయేలోపల ఆమె డొక్కలో నెరిడా మోచెయ్యి దిగింది.

“ఈ పిల్లేమో ఇందాక నాచుపురుగుని మిడత అంది, నువ్వేమో రెండంటున్నావు. ఇవాళ ఒక్కళ్ళనీ నమ్మేట్టు లేదు,” అంది నెరిడా.

నిన్ను కట్టుకున్నవాడు ఎలా వేగాడే అని లయల్ పకపకా నవ్వి, హుషారుగా ముందుకి నడిచాడు. తామ్సిన్ అసలు ఏ పురుగు గురించీ మాట్లాడలేదు.

“ఆయనకి చూపు ఆనడం లేదు కదూ?” అంది మెల్లిగా.

“ఎవరు చెప్పారు? నువ్వు పరీక్ష చేశావా?”

“నేను నర్సునండీ.”

లయల్ ఎంత దూరం వెళ్ళాడో నెరిడా చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. లయల్‌కి కంటి మధ్యలో మసక, అంచులు మాత్రం తెలుస్తాయి. రెండేళ్ళ కిందట నీటికాకిని చూసి నల్లహంస అన్నాడు, అందరూ నవ్వారు. మర్నాడు బైనాక్యులర్స్ తెచ్చి నెరిడా గుమ్మంలో పెట్టి, తప్పు చెప్పేది నేనొక్కణ్ణే, ఇక రాను అన్నాడు. భార్య పోయాక అతను ఇల్లు దాటేది ఆ ఒక్క పూటే.

“మరి మీరేం చేశారు?”

“ఏముంది, అప్పట్నుంచీ ఎవ్వరూ ఒప్పు చెప్పడం లేదు.”

తన డేగకి కాళ్ళెందుకు పోయాయో తామ్సిన్‌కి అప్పుడు తెలిసింది. తను బలపరుస్తానన్న రూలు ముందుగా ఎవర్ని ఇంట్లో కూర్చోబెడుతుందో కూడా తెలిసింది. రూలు రాసేవాడి మెడలో కెమెరా ఉంటుంది, అది తగిలేది మాత్రం కర్ర పట్టుకున్నవాడికి. ఊళ్ళో అయినా దేశంలో అయినా జరిగేది ఇదే.

టీలు పోసుకున్నారు. క్లైవ్ గొంతు సవరించుకుని, ముందు రుజువు చూపిస్తా, తర్వాత చేతులెత్తండి అన్నాడు. “పొద్దున లయల్ చెప్పిన రెండు పిట్టలూ తీశాను. ఏం వంక పెడతావో పెట్టు నెరిడా,” అని కెమెరా ఆవిడ చేతిలో పెట్టాడు.

తామ్సిన్ ఆవిడ భుజం మీంచి తొంగిచూసింది. కెమెరా మంచిది. రెండు రాళ్ళూ, తాడు పోగులూ, రాళ్ళకి అంటుకున్న గుల్లలూ లెక్కపెట్టుకోవచ్చు. ఎదురుగా లయల్ ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో కేకు ముక్క పట్టుకుని నవ్వుమొహంతో ఎదురుచూస్తున్నాడు.

నెరిడా కెమెరాని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

“నమ్ముతున్నాను,” అంది.

ఎవరిదో బిస్కెట్టు టీలో పడిన చప్పుడు వినిపించింది. లయల్ మళ్ళీ అనమన్నాడు. ఒక్కసారికే గొంతు ఎండిపోయిందయ్యా అని ఆవిడ టీ అందుకుంది.

“ఆవిడే నమ్మాక ఇక రూలెందుకండీ,” అంది తామ్సిన్. “నేను బలపరచడం లేదు.”

నిజమే కదా అన్నారు అందరూ. రెండేళ్ళుగా ఎవరివల్లా కాని పని తన ఫోటో చేసిందని క్లైవ్ ఛాతీ ఉబ్బింది. రూలు పెద్దమనసుతో వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని తన ఘనకార్యాన్ని తీరిగ్గా చూసుకోబోయాడు. చూశాడు. పెద్దది చేసి మళ్ళీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి నెరిడాని చూస్తే, ఆవిడ కేకులో నల్లవి నిజంగా ఎండుద్రాక్షలేనా అని వెతుక్కుంటోంది.

అవతల లయల్ నలుగుర్నీ పోగేసి, ఆ పిట్టల్లో ఎడమవైపుది ఒంటికాలి మీద నిలబడిన తీరు వర్ణిస్తున్నాడు. మధ్యలో ఇటు తిరిగి, “క్లైవ్, అది నీ ఫోటోలో పడిందా?” అని అడిగాడు.

క్లైవ్ కెమెరా ఆపి, సంచీలో పెట్టి, జిప్పు చివరిదాకా లాగాడు.

“పడింది లయల్. ఒంటికాలి మీదే ఉంది.”