బ్లీచింగ్ చేసిన బురద

తమిళనాట మా రాజపాళయం వాళ్లకు తెలుపంటే ఎంత మోజో చెప్పలేను. పక్కనే సత్రపట్టి, బ్యాండేజీ గుడ్డను తెల్లగా చలువ చేసి బతికే ఊరు. తెల్లగా ఉంటే శుభ్రం, గోధుమరంగులో ఉంటే రోగం. ఈ జ్ఞానంతో గుడ్డ అమ్ముకున్నన్నాళ్లు ఎవరికీ నష్టం లేదు. దాన్ని నా తొట్టి మీదికి కూడా తెచ్చారు.

నేను ఒక మిల్లులో మురుగునీటి ప్లాంటు చూసుకునే కెమిస్టును. మా మొదలాళికి, అంటే యజమానికి, కొండమీద గెస్ట్‌హౌస్ ఉంది. అక్కడి చలికి దాని మురుగు తొట్టిలో అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు పని మానేస్తాయి. శుద్ధి కాని ఆ నీళ్లు వాగులో కలుస్తాయి. గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ కుటుంబం తాగేది ఆ వాగు నీళ్లే. అందుకని మా ప్లాంటు బురదలోని జీవులకు చలి అలవాటు చేసి పైకి పంపే పని నేను నెత్తిన వేసుకున్నాను. పాలు చల్లబరిచే పాత తొట్టి ఒకటి కొనిపించి, వానాకాలం నుంచి కొద్దికొద్దిగా చలి పెంచుతూ వచ్చాను. చాలా చచ్చాయి. మిగిలినవి పెరిగి, ఆ చలిలోనే అమ్మోనియాను తిని, నత్రజనిని గాలిలోకి వదలడం మొదలుపెట్టాయి. పరీక్షగొట్టంలో అమ్మోనియా రంగు రాని రోజున నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

బురద పంపే రోజున మొదలాళి ఊళ్లో పెద్దమనుషులను పిలిచాడు. పొద్దున నేను వెళ్లేసరికి తొట్టి పాలిపోయి ఉంది. గాలి పంపు ఆపేశారు. మా మేనేజరు, సత్రపట్టిలో బ్లీచింగ్ ఇంట పుట్టి ఇంజనీరింగ్ చదివిన మహానుభావుడు, పక్కన నిలబడి మురిసిపోతున్నాడు.

"ఏం చేసినారు సార్?"

"పెద్దవాళ్లు వచ్చి చూస్తారు గదమ్మా. కాపి రంగులో ఒకటే అసింగంగా, రోతగా ఉండె. బ్లీచింగ్ పౌడరు పోయించినా. ఇప్పుడు చూడు, పన్నీరు మాదిరి ఉంది."

"పురుగులన్నీ చచ్చిపోయినాయి సార్."

"పురుగులు చస్తే మంచిది దానే, కాదంటావా?"

ఒళ్లు మండిపోయింది. మొదలాళి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన తొట్టిలోకి తొంగి చూసి, "ఇన్ని దినాలు నువ్వెందుకమ్మా ఇట్ల చేయలేదు?" అన్నాడు. పెద్దమనుషులు తలలూపారు. మేనేజరుకు శాలువా కప్పారు. వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

బురద తీసుకుపోవడానికి ఆ వాచ్‌మనే ప్లాస్టిక్ క్యాన్లతో కొండ దిగి వచ్చాడు. ఇది చచ్చిపోయింది, తీసుకుపోయి పోస్తే మీ తొట్టిలో మిగిలినవి కూడా చస్తాయి అని తమిళంలో విడమరిచి చెప్పాను. అతను నా మురికి కోటు చూశాడు, తేట నీళ్లు చూశాడు, శాలువా చూశాడు. తర్వాత క్యాన్లు నింపుకుని, ఎండ తగిలి లోపలి ప్రాణులకు ఏమన్నా అవుతుందేమోనని తడి గోనెలు కప్పి, నాకూ ఒక దండం పెట్టి వ్యాను ఎక్కాడు.