నేను రాసిన అర్జీలో లేని మాట

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాకు వద్దు.

డెబ్బైలలో, రైల్వే సమ్మెనాటి సంగతి. ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమాస్తాను నేను. నిమ్‌పురా క్వార్టర్సులో మా పక్కిల్లు అప్పలస్వామిది. వర్క్‌షాపులో ఫిట్టరు. అతను సమ్మెలో ఉన్నాడు, నేను లేను. అయినా మా కుళాయి కారితే చెప్పకముందే వచ్చి బిగించేవాడు. మా వరసలో తెలుగువాళ్లకి సెలవు చీటీతో మొదలుపెట్టి ఇంగ్లీషు కాగితం ఏది కావాలన్నా నేనే రాసేవాణ్ణి. అదో గొప్ప నాకు.

ఒక ఉదయం వరండాలో పళ్లు తోముకుంటున్నాను. జీపు వచ్చి ఆగింది. ముగ్గురు పోలీసులు అప్పలస్వామిని రెక్క పట్టుకుని ఎక్కించారు. బనీనుతోనే ఉన్నాడు. నన్ను చూశాడు. పిలవలేదు. అతని భార్య పైడితల్లి ఊళ్లోనే సుభాష్‌పల్లిలో చెల్లెలి పురిటికి వెళ్లింది. మిగతా ఇళ్లకి తాళాలు, అరెస్టుల భయంతో అందరూ ఊళ్లకి పోయారు. చూసింది నేనొక్కణ్ణే.

తిరిగొచ్చి మొగుడు కనపడకపోయేసరికి, సమ్మెవాళ్లని పట్టుకుపోతున్నారు కనక పైడితల్లి ఠాణాకి పరుగెత్తింది. అలాంటి మనిషిని మేం తేలేదు పొమ్మన్నారు. కలకత్తాలో ఒక వకీలు హెబియస్ కార్పస్ వేద్దామన్నాడట. అంటే, మనిషిని పట్టుకున్నవాళ్లు అతన్ని జడ్జి ఎదటికి తెచ్చి, ఏ అధికారంతో ఉంచారో చెప్పాలని అడిగే అర్జీ. అయితే ఠాణా కాదంటోంది కనక, తీసుకెళ్లడం కళ్లారా చూసినవాళ్లెవరైనా ప్రమాణం చేస్తే బలం అన్నాడట. వివరాలు ఇంగ్లీషులో రాయించుకోడానికి ఆమె నా దగ్గరకే వచ్చింది.

"అన్నయ్యా, ఆ పొద్దుట మీరు ఇంటికాడే ఉన్నారేటి? ఏటైనా సూసినారా?"

"లేదమ్మా. పెందలాడే డ్యూటీకి ఎల్లిపోనాను. ఏటీ సూడలేదు."

"పోన్లెండి. సూసుంటే మీరు సెప్పకుండా ఉంటారేటి?"

ఎందుకలా అన్నాను? నన్నెవరూ బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఇవాళ ఆ సాకైనా చెప్పుకునేవాణ్ణి. హెడ్ క్లర్కు ప్రమోషను రావలసి ఉంది, సాక్షిగా పేరు పడితే అది పోతుందనీ, క్వార్టరు ఖాళీ చెయ్యమంటారనీ, రేపు ఆ జీపు మా గుమ్మంలో ఆగుతుందనీ, ఎవరూ అనని మాటలన్నీ నాకు నేనే అనుకుని భయపడ్డాను.

ఆ తర్వాత కూర్చుని ఆ కాగితం ఎంత బాగా రాశానో! రెండుసార్లు చింపి మళ్లీ రాశాను. ఒక్క తప్పు లేదు. 'పోలీసులు తీసుకుపోయారని తెలియవచ్చింది' అని రాశాను. ఎవరివల్ల తెలిసిందో రాయలేదు. పైడితల్లి నాకు దండం పెట్టి మరీ తీసుకెళ్లింది.

మేం పట్టుకోలేదని ఠాణావాళ్లు కోర్టులో అఫిడవిట్ వేశారు. చూశామనేవాళ్లు మా వైపు లేరు. అర్జీ కొట్టేశారు.

నాలుగు నెలలకి అప్పలస్వామిని వదిలేశారు. చిక్కి సగమయ్యాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇక ముడుచుకోలేదు. స్పానరు పట్టలేడని ఫైళ్లు మోసే పనిలో వేశారు. అతను వచ్చిన వారానికి పైడితల్లి చేపల పులుసు వండి నన్ను భోజనానికి పిలిచింది. వడ్డిస్తూ మొగుడితో అంది, పాపం అన్నయ్య ఆ రోజు ఇంటి దగ్గర లేకపోయారు గానీ, ఉంటే కోర్టుదాకా వచ్చేవారని.

అతను ఎడంచేత్తో ముద్ద కలుపుకుంటున్నాడు. నావైపు చూడలేదు.

"ఔనే, అన్నయ్య ఆయేల పెందలాడే ఎల్లిపోనారు" అన్నాడు.

నన్ను చూసినవాడే ఆ మాటన్నాడు. నా పరువు కాపాడాలనా? చేపలో ముల్లు చూసుకు తినమని కూడా చెప్పాడు. ఆ తర్వాత మా కుళాయి కారితే, పట్టు దొరకని ఆ చేత్తోనే మళ్లీ వచ్చాడు. ఒక్కరోజైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాకతనంటే ఎంత ప్రేమో అప్పుడు తెలిసింది, అప్పటికే చెప్పే అర్హత పోయింది.

అతను పోయి చాలాకాలమైంది. పైడితల్లి ఉంది, కనిపిస్తే ఇప్పటికీ అన్నయ్యా అనే పిలుస్తుంది. ఆమెకి చెప్పాలా? చెబితే మొగుడు తన దగ్గర కూడా దాచాడని తెలుస్తుంది. చెప్పకపోతే ఆ పిలుపు నేను దొంగిలిస్తున్నట్టే. ఏది మంచో నాకిప్పటికీ తేలలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు.

కోర్టులో చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను. ఆ ఉదయం నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పలస్వామిని పోలీసులు తీసుకెళ్లడం నా కళ్లతో చూశాను.

చూశాను.