జేజి బరువుకు బిగించిన బోల్టు

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నమైతే చాలు, ఎక్కడికీ పోని జీపులో ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చునేవాళ్ళం. ముందు ఎడమ సీట్లో మా జేజి, అంటే నాయనను కన్నతల్లి. వెనక అమ్మ, అక్క, నేను. నాయన మాత్రం ముందు చక్రం పక్కన గోనెసంచి పరుచుకుని నేల మీద పడుకుని ఉండేవాడు. దారిన పోయేవాళ్ళు "యాడికి ప్రయాణం?" అని ఆటపట్టించేవాళ్ళు.

ఎక్కడికీ కాదు... స్టీరింగు ఎంతవరకు తిరగాలో సరిచేయడానికి!

మాది అల్లూరు దాటాక సముద్రం వైపు ఉండే ఊరు. జేజికి మోకాళ్ళు పడిపోయాయి. మనిషి కూడా భారీ. ఆదివారం చర్చికి జీపులోనే రావాలి. చర్చి సందు మొదట్లో కాలువ మీద ఒక ఇరుకు తూము ఉండేది. అక్కడ ఎడమకు ఒకే తిప్పులో తిరగాలి. వెనక్కి తీద్దామంటే ఎవరిదో ఇంటి గోడ. మా పాత ఫోర్ వీల్ జీపు అంత తిరిగేది కాదు.

ముందు చక్రం పక్కకు తిరగడాన్ని ఒక చోట ఆపేందుకు దాని వెనక ఒక బోల్టు ఉంటుంది. దాన్ని లోపలికి బిగిస్తే చక్రం ఇంకాస్త తిరుగుతుంది. నాయన ఓ రోజు దాన్ని బిగించి, ఖాళీ జీపును వాకిట్లో గుండ్రంగా తిప్పి చూసుకుని, "ఇంక తూము దగ్గర దిగులు లేదు" అన్నాడు.

పాపం... జేజి బరువును లెక్కలో వేసుకోలేదు.

ఆదివారం ఆమె ఎక్కగానే బరువు మోసే కమాన్ పట్టీలు కుంగాయి, బాడీ ఎడమ వైపు దిగింది. తూము దగ్గర తిప్పిన టైరు మడ్‌గార్డు రేకుకు రాసుకుని కిర్రుమంది. జీపు అడ్డంగా ఆగిపోయింది. చర్చిలోంచి కుర్చీ తెచ్చి, సంఘం అంతా చూస్తుండగా నలుగురు మగవాళ్ళు ఆమెను మోసుకుపోయారు. జేజి పైట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక ఒకటే మాట. "రే అబ్బయా, శవాన్ని మోసినట్టు మోసినారు. ఇంక నేను రాను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు... మా జేజి ఆ రాజుకే రాజు. రెండు ఆదివారాలు అరుగు మీదే కూర్చుని, చర్చి మైకులోంచి వచ్చే పాటలకు పెదాలు కదిపింది. ఆమెను అలా వదిలేసి చర్చికి పోవడం నాయనకు చేతకాలేదు. ఆ రెండు వారాలూ ఆయనా పోలేదు.

మూడో శనివారం మా అందరినీ జీపెక్కించాడు. ఆదివారం ఎంత బరువుంటుందో ఇప్పుడూ అంతే ఉండాలట. జేజి బైబిలు కూడా ఒళ్ళో పెట్టాడు! స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పి, కిందకు దూరి, రాసుకునే రేకును సుత్తితో వంచాడు. టైరుకూ రేకుకూ మధ్య తన వేలు దూరేదాకా బోల్టును కొంచెం కొంచెంగా కదిపాడు.

"ఎంతసేపురా, ఎండకు మాడిపోతా ఉండా!"

"కదలబాకమా... నువ్వు కదిలితే కొలత పోతాది."

మర్నాడు తూము మీద జీపు ఒకే తిప్పులో తిరిగింది. నాయన కళ్ళు తుడుచుకోవడం వెనక నుంచి చూశాను. జేజి మాత్రం "దేవునికి స్తోత్రం" అని, ఆ వెంటనే "ఇంకొంచెం నిదానంగా తోలరా" అంది.

గతుకులకు ఆ బోల్టు నట్టు వదులయ్యేది. అందుకే ఆమె ఉన్నన్నాళ్ళూ ప్రతి శనివారం మాకు ఆ కొలువు తప్పలేదు...

జేజి పోయింది. తర్వాత నాయన, అమ్మ. అక్క కావలిలో ఉంటుంది. జీపు నా దగ్గర మిగిలింది. ఉప్పుగాలికి ఇనుమంతా పొరలు పొరలుగా రాలుతోంది, సామాన్లు దొరకవు. ఈ నెలలో షెడ్డుకు తీసుకుపోవడం ఇది మూడోసారి... తల ప్రాణం తోకకొస్తోంది.

మొన్న మెకానిక్కు కింద నుంచి కేకేశాడు. "ఏందన్నా, ఎడమపక్క బోల్టు ఇంత లోపలికి పోయుండాది? జాయింటు అందుకే టకటకమంటా ఉంది. బయటికి తీసి రెండుపక్కలా సమానం చేస్తా."

నా నోటి వెంట దానంతటదే వచ్చేసింది. "ఆగబ్బా... మనుషుల్ని ఎక్కించి చూడాలి దాన్ని."

"ఎక్కిస్తాంలే. ఎక్కేది ఎవురు, అన్నా?"

ఆ తూము లేదిప్పుడు. చర్చి గుమ్మం దాకా వెడల్పాటి సిమెంటు రోడ్డు...

"ఎవరూ లేరులే. ఖాళీగానే చూడు" అన్నాను.

ఇప్పుడు మా గేటు దగ్గర ఎడమకు తిరగాలంటే ఒకసారి వెనక్కి తీయాల్సి వస్తోంది. తీసిన ప్రతిసారీ పక్క సీటు వైపు చూస్తున్నాను.

మీ ఇంట్లోనూ ఒక్క మనిషి కోసం సరిచేసి, ఆ మనిషి పోయాక కూడా అలాగే వదిలేసిన వస్తువేదైనా ఉందా? ఉంటే చెప్పండి... దాన్ని అలాగే ఉండనివ్వండి. నేను మార్పించేశాను. మనసేమీ బాగాలేదు.