మా అత్త అడిగి తెచ్చిన తొక్కలు

నా చిన్నప్పుడు, వానలు వరసగా మొహం చాటేసిన ఒక ఏడాది, మా మేనత్త ట్రంకుపెట్టె పట్టుకుని తనకల్లు దగ్గరున్న మా ఊరికి తిరిగి వచ్చేసింది. మామ జ్వరంతో పోయాడని మాత్రం నాకు చెప్పారు. ఇదివరకు వచ్చినప్పుడల్లా నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వే మనిషి, ఈసారి ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెరట్లో గోడకు ఆనుకుని, బర్రె లేని కొట్టం వైపు చూస్తూ కూర్చునేది. మేత లేక బర్రెను అప్పటికే అమ్మ పుట్టింటికి తోలేశారు.

ఒక పొద్దున నేను లేచేసరికి అత్త పార తీసుకుని కొట్టం పక్కన గుంత తవ్వుతోంది. వంకాయ తొడిమలు, ఉల్లిపొట్టు, పొయ్యిలోని బూడిద అందులో పోసి మట్టి కప్పింది. పూడ్చిపెట్టడమంటే నాకు తెలిసింది ఒక్కటే. ఇదంతా మామ కోసం చేస్తోందేమోనని భయమేసి అమ్మను అడిగాను. "నాకేం తెలుసే" అని అమ్మ కళ్లు తుడుచుకుంది.

మా వంటింట్లో రాలే చెత్త ఎంతని? కొన్నాళ్లకు అత్త గంప తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. కరువులో గంపతో గుమ్మం ముందు నిలబడితే ఎవరైనా ఏమనుకుంటారు? చివరింటి అవ్వ మారుమాట లేకుండా లోపలికి వెళ్లి రాగిసంగటి ముద్ద తెచ్చింది.

"సంగటి వద్దవ్వా. తొక్కలుంటే పెట్టు" అంది అత్త.

"తొక్కలేం చేసుకుంటావమ్మా?"

"గుంతలో ఎయ్యాల."

అవ్వ నా వైపు చూసింది. నేను ముద్ద వైపు చూస్తున్నాను. అన్నం పెడతానంటే కాదని, పారేసేవి అడిగి తీసుకునే మనిషికి మతి ఉన్నట్టా, లేనట్టా? ఆ వయసులో నాకు తేలలేదు. అవ్వ ముద్దను నా చేతిలో పెట్టింది. తినొచ్చో తినకూడదో తెలియక ఇల్లు చేరేదాకా అలాగే పట్టుకుని నడిచాను.

ఈ తిరుగుడు నెలల తరబడి సాగింది. ఊళ్లో మాటలు చివరకు మా నాయన చెవిన పడ్డాయి. "నా చెల్లెలు ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటాండాదని నవ్వుతాండారు. రేపు చిలమత్తూరు బస్సెక్కిస్తా. వాళ్లత్తగారింట్లోనే పడుండనీ" అని అరిచాడు. ఆమెను వద్దని పంపేసినవాళ్లే వాళ్లు. అమ్మ ఎంత చెప్పినా వినలేదు.

మర్నాడు నాయన ట్రంకుపెట్టె తెచ్చి పెరట్లో పెట్టాడు. అత్త ఆ పెట్టెను దాటుకుని వెళ్లింది. గుంత దగ్గర కూర్చుని, పైమట్టి తోసి, దోసిలినిండా తీసి నాయన చేతుల్లో పోసింది.

"చూడన్నా."

అది నల్లగా, మెత్తగా, తడిగా ఉంది. ఆ ఏడు మా చేలో మట్టి పెంకులా ఎండిపోయి ఉంది. నాయన దాన్ని నలిపాడు, వాసన చూశాడు.

"నీళ్లు యాడివి?"

"అంట్లు తోమినవి."

నాయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. కోపమొస్తే ఊరంతా వినిపించేలా అరిచే మనిషి, ఆ మట్టిని జాగ్రత్తగా మళ్లీ గుంతలోనే పోశాడు. పెట్టె ఎండలో అలాగే ఉండిపోయింది. బస్సు వెళ్లే వేళ దాటాక అమ్మ చప్పుడు చేయకుండా దాన్ని లోపల పెట్టింది.

తర్వాత ఆ గుంతలో ఎవరూ నాటకుండానే మొలకలొచ్చాయి. ఎవరింటి తొక్కల్లోనో కుళ్లిన టమాటా వచ్చినట్టుంది. అత్త వాటికి కందికట్టెలు పాతి, పాతచీర పేలికలతో కట్టింది. కూరాకు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో మా పెరట్లో టమాటాలు ఎర్రగా పండాయి. మేమింకా రుచి చూడకముందే అత్త వాటిని గంపలో వేసుకుని, తొక్కలిచ్చిన ఇళ్లన్నింటికీ పంచింది.

"ఇవి మా తొక్కలేనామ్మా?" అంది అవ్వ.

"ఆఁ, అవేనవ్వా" అంది అత్త. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. నేను మాత్రం పండును అటూ ఇటూ తిప్పి, ఇందులో ఉల్లిపొట్టు ఎక్కడుందా అని వెతికాను.

నాకు పెళ్లై పిల్లలు పుట్టాక ఒకసారి అత్తను అడిగాను, టమాటాలు కాస్తాయని అప్పుడే తెలుసా అని.

"యాడ తెలుసు పాపా? మీ మామ మడి పక్కన ఇట్లే గుంత తీసి చెత్త ఏస్తాండె. ఆయన చేసే పని నేనొకసారి చేసుకోవాలనిపించె. చేసినా" అంది.

అది సేద్యమో దుఃఖమో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా అత్తకూ తెలిసి ఉండదు. కానీ ఆనాటి నుంచి నాకొక అలవాటు మిగిలింది. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు అర్థంకాని పనేదైనా మొదలుపెడితే ఎందుకని అడగను. పక్కన కూర్చుని, చేతికి ఏం అందించాలో చూస్తాను.